ఊరి కంటె ముందు పుట్టిన పురపాలక సంఘము

ఊరు ముందు పుట్టును. దాని మంచిచెడ్డలు చూచుటకు పంచాయతియో, పురపాలక సంఘమో పిమ్మట ఏర్పడును. లోకములో సాధారణముగా జరుగు వరుస ఇది. హైదరాబాదుకు పడమటి దిక్కున ఉన్న జూబ్లీహిల్స్ విషయములో ఈ వరుస తారుమారయినది. ఆ గుట్టల పేర 1937లో ఒక పురపాలక సంఘము ఏర్పడినది. అప్పటికి అక్కడ చెప్పుకొనదగిన వీథి లేదు, బజారు లేదు. బంజారాహిల్స్ వైపున కొన్ని బంగళాలు, గుట్టల దిగువన షేక్‌పేట, యూసుఫ్‌గూడ వంటి పల్లెలు, నడుమ ఎటు చూచినను బండలు, తుప్పలు, సీతాఫలపు చెట్లు. ఆ తరువాత జనము వేలకొలదిగా వచ్చి ఇండ్లు కట్టుకొనునాటికి ఆ పురపాలక సంఘమే లేకపోయినది. తెలుగు సినిమాకు కాపురమయిన ఈ ప్రాంతానికి ఒకప్పుడు సొంత పురపాలక సంఘము ఉండెడిదని తెలిసినవారు నేడు అరుదు.

ఈ చిత్రమైన కథకు కారణము కొంత రాజులలోను, చట్టములలోను ఉన్నది. ఎక్కువ భాగము మాత్రము ఆ గుట్టల రాతిలోను, రాతిపైకి ఎక్కని నీటిలోను ఉన్నది. కాబట్టి ముందు రాతి సంగతి చూడవలెను.

హైదరాబాదు చుట్టునున్న గ్రానైటు శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. పడమట వికారాబాదు దాటిన తరువాత నల్లరేగడి క్రింద కనిపించు దక్కను లావారాయి వయస్సు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల దరిదాపు మాత్రమే. ఈ గ్రానైటు ముందు అది నిన్నటి పసికందు. భూమి లోతున కరిగిన ద్రవము మెల్లగా చల్లారి గ్రానైటు అయినది. చల్లారునప్పుడును, పైనున్న బరువు తొలగిపోయినప్పుడును దానిలో అడ్డముగా, నిలువుగా పగుళ్ళు ఏర్పడినవి. ఆ పగుళ్ళగుండా వాననీరు దిగినది. గ్రానైటులో ఉండు ఫెల్‌స్పార్ అను ఖనిజము నీటి స్పర్శతో క్రమముగా మట్టిగా మారును. క్వార్ట్జు మారక ఇసుకగా మిగులును. నీరు మూడు వైపులనుండి తాకునట్టి మూలలు ముందు అరిగిపోవును. ఆ విధముగా పలకలు పలకలుగా ఉండవలసిన రాయి భూగర్భములోనే గుండ్రబడి, చుట్టును మెత్తని మట్టితో నిలిచియుండును. తరువాత వానలకు ఆ మట్టి కొట్టుకొనిపోగా, ఒక బండపై మరొక బండ ఎవరో పేర్చినట్లు బయటపడును. ఏ రాక్షసుడో ఆటకు పేర్చినాడని పిల్లలు అనుకొనుటలో వింత లేదు. ఆ పని చేసినది వాననీరు.

బండలు చూడ ముచ్చటగనే ఉండును గాని కాపురమునకు వచ్చువానికి అవి రెండు కష్టములు తెచ్చిపెట్టును. మొదటిది, పునాది. దూలము నిలుపుటకు రెండడుగులు త్రవ్వవలెనన్నను సుత్తి, ఉలి, మందుగుండు కావలెను. రెండవది, నీరు. గ్రానైటు తనలో నీటిని దాచుకొనదు. పైపొరలోని అరిగిన మట్టిలోను, పగుళ్ళలోను చిక్కుకొన్న నీరే బావికి ఆధారము. గుట్టపైన ఆ మట్టిపొర పలుచన. కురిసిన వాన కురిసినట్లే జారి పల్లమునకు పోవును. అందుచేతనే గుట్టలమీద ఊరు లేదు గాని, గుట్టల నడుమ చెరువులు కలవు. వానిలో పేరుపొందినది దుర్గం చెరువు. గోలకొండ కోటకు కుతుబ్‌షాహీల కాలములో ఇచటినుండి త్రాగునీరు పోయెడిదని చెప్పుదురు. చుట్టును బండల గుట్టలుండుటచేత దూరమునుండి కనబడక, ఇటీవలి వరకు దానికి రహస్యపు చెరువు అను పేరు ఉండెడిది.

ఇట్టి గుట్టలను వాడుకొన్నవారు లేకపోలేదు. దిగువన షేక్‌పేటలో బాటసారులకు కుతుబ్‌షాహీల నాటి రెండంతస్తుల సరాయి కలదు. గుట్టలలో పశువులు మేసెడివి. లంబాడీలు, అనగా బంజారాలు, అచ్చట తాండాలు వేసికొనెడివారు. ఎద్దులమీద ఉప్పు, ధాన్యము వేసికొని దక్కను అంతట తిరిగి, యుద్ధకాలములో సైన్యములకు తిండి అందించిన జాతి వారిది. రైలు వచ్చిన తరువాత ఆ వృత్తి పోయి, వారు పశువులను కాచుకొనుచు గుట్టలను, అడవులను ఆశ్రయించినారు. బంజారాహిల్స్ అను పేరు వారినిబట్టి వచ్చినదే. పేరు మిగిలినది, తాండాలు మిగులలేదు.

నగరములో ఈలోగా పురపాలన మెల్లమెల్లగా రూపు దిద్దుకొనుచుండెను. 1869 వరకు హైదరాబాదు నగరపు వీథులు, దీపములు, పారిశుద్ధ్యము అన్నియు కోత్వాలు చేతి క్రిందనే నడిచెడివి. దొంగను పట్టువాడే మురికికాలువ బాగోగులును చూచెడివాడు. ఆ సంవత్సరములో మొదటి సాలార్‌జంగు పురపాలనకు ప్రత్యేక శాఖ ఏర్పరచి, నగరమునకు, చాదర్‌ఘాటు శివారుకు బోర్డులు నియమించినాడు. 1886లో చాదర్‌ఘాటు వేరు పురపాలక సంఘమయినది. 1933లో అది తిరిగి హైదరాబాదులో కలిసి నగరపాలక సంస్థ ఏర్పడినది. మరుసటి సంవత్సరము తొలి ఎన్నికలు జరిగినవి.

ఇక్కడ ఒక్క మాట పక్కకు జరిగి చెప్పుకొనవచ్చును. యూరపులోని ఆస్ట్రియా దేశములో 1849 నాటి చట్టముతో స్థానిక సంఘములకు తమ పనులు తామే చూచుకొను హక్కు వచ్చినది. అచ్చటి కొండపల్లెలు నేటికిని ఆ హక్కును విడువలేదు. టిరోల్ కొండలలోని గ్రామైస్ అను పల్లెలో నూరుగురైనను లేరు. అయినను దానికి సొంత పురపాలక సంఘము, సొంత మేయరు కలరు. జనసంఖ్య చిన్నదైనను ఆ పల్లె కొన్ని తరములుగా ఉన్నది. పచ్చిక, అడవి, నీరు ఎవరెట్లు వాడవలెనో నిర్ణయించుకొనుటకు అచ్చటివారికి సంఘము కావలసివచ్చినది. జూబ్లీహిల్స్ సంఘము పుట్టుక వేరు. అది నివాసులు అడుగగా వచ్చినది కాదు, అడుగుటకు నివాసులేరీ?

గుట్టలపైకి నగరపు చూపు మళ్ళుటకు ఒక కారణము మూసీ నది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద నగరములో వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా తీసికొన్నది. వరదను ఆపుటకు, త్రాగునీటికి మూసీపై ఉస్మాన్‌సాగరు, ఈసా నదిపై హిమాయత్‌సాగరు 1920లలో సిద్ధమయినవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు వాడలను విడదీసి వెడల్పు బాటలు వేసినది. గాలి, వెలుతురు, ఎత్తైన నేల ఆరోగ్యమునకు మంచివన్న మాట ఆనాటి అధికారుల నోట తరచు వినవచ్చెడిది.

ఆ మాటను చేతలలో చూపినవాడు నవాబు మెహదీ నవాజ్ జంగు. ఆయన నగరపు పురపాలక కమిషనరుగా పనిచేసినవాడు. తరువాత హైదరాబాదు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములలో మంత్రియై, 1960లో గుజరాత్ రాష్ట్రపు మొదటి గవర్నరయినాడు. ఆయన 1930కి ఇటు అటుగా ఈ గుట్టలమీద ఇల్లు కట్టి బంజారా భవనము అని పేరు పెట్టినాడు. కట్టినతీరు చెప్పుకొనదగినది. బండలను మందుగుండుతో పేల్చి చదును చేయుటకు బదులు, ఉన్న బండను ఉన్నచోటనే ఉంచి ఇంటిలో భాగము చేసినాడు. బండయే గోడ అయినది. 1933లో హైదరాబాదు వచ్చిన రవీంద్రనాథ టాగూరు ఇక్కడ అతిథిగా ఉండి ఈ గుట్టలమీద ఒక కవిత వ్రాసినాడు. ఆ ఇంటిని చూచి మరికొందరు నవాబులు, ఉన్నతోద్యోగులు గుట్టలెక్కినారు. గుట్టలలో చుట్టుకొనుచు పోవు బాటలు వేసినారు.

1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు 1936లో ఇరువదియైదేండ్లు నిండినవి. ఆ ఏడు ఆరంభములో బ్రిటిషు చక్రవర్తి అయిదవ జార్జి మరణించుటచేత వేడుకలు వాయిదాపడి 1937 ఫిబ్రవరిలో జరిగినవి. బాగ్‌ఎఆమ్ తోటలోని జూబ్లీహాలు ఆ వేడుకల గుర్తు. గుట్టలకు జూబ్లీహిల్స్ అను పేరు కూడ ఆ రజతోత్సవమునుండి వచ్చినదనియే చెప్పుదురు. అదే సంవత్సరములో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ప్రాంతములను చేర్చి జూబ్లీహిల్స్ పురపాలక సంఘము ఏర్పరచినారు. అనగా నగరములోనుండి గాక నగరపు ప్రక్కన, ఎత్తైన నేలపై, తోటలతో బంగళాలతో ఒక కొత్త ఊరు వచ్చునని, దానికి ముందుగనే చట్టము అనే చొక్కా కుట్టించి పెట్టినారన్నమాట. బిడ్డ ఎదిగి ఆ చొక్కా తొడుగుకొనుటకు మాత్రము నీరు అడ్డము వచ్చినది.

ఉస్మాన్‌సాగరు నిండుమట్టము సముద్రమట్టమునకు 1,790 అడుగుల ఎత్తున ఉన్నది. అచ్చటినుండి కాలువగుండా నీరు తనంతట తానే ఆసిఫ్‌నగరులోని వడపోత తొట్లకు దిగి, అక్కడనుండి నగరమునకు పారెడిది. పంపుతో పనిలేకుండ పల్లమెరిగి ప్రవహించు ఏర్పాటు అది. అందుచేతనే చౌక, అందుచేతనే నమ్మకము. బంజారాహిల్స్ శిఖరమో, 672 మీటర్లు, అనగా 2,200 అడుగుల పైమాట. జలాశయము అంచులకు నిండియున్నప్పుడు సైతము శిఖరము దానికి రమారమి 400 అడుగుల ఎత్తున ఉన్నది. నీరు తన మట్టమును మించి ఒక్క అడుగైనను ఎక్కదు. ఎక్కించవలెనన్న పంపు, విద్యుత్తు, ఇనుపగొట్టములు, ఎత్తున తొట్లు కావలెను. ఇంత ఖర్చును పంచుకొనుటకు ఇండ్లు వేలసంఖ్యలో ఉండవలెను. వేలసంఖ్యలో ఇండ్లు లేచుటకు ముందు నీరుండవలెను. నాలుగు బంగళాలవారు బావులతోను, బండ్లపై తెప్పించుకొన్న నీటితోను గడుపుకొనవచ్చును. ఊరు గడుపుకొనలేదు. పురపాలక సంఘమునకు ఆదాయము ఇంటిపన్ను. ఇండ్లు లేనిచోట పన్నేది, పన్ను లేనిచోట నల్లా ఏది?

ఈ చిక్కుముడిని జూబ్లీహిల్స్ సంఘము విప్పలేకపోయినదని నిందించుట న్యాయము కాదు. దాని జీవితకాలము పట్టుమని ఇరువది సంవత్సరములు. ఆ కాలములోనే రెండవ ప్రపంచయుద్ధము, 1948లో నిజాము ప్రభుత్వము అంతమగుట, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణము అన్నియు జరిగిపోయినవి. నగరపు సంస్థయే నిలకడగా లేదు: 1942లో దాని నగరపాలక సంస్థ హోదా పోయినది, 1950లో తిరిగి వచ్చినది, అదే ఏట సికిందరాబాదుకును ఆ హోదా దక్కినది. 1950ల నడిమి కాలములో, హైదరాబాదు నగరపాలక సంస్థల చట్టము వచ్చిన రోజులలో, జూబ్లీహిల్స్ సంఘము నగరములో విలీనమయినది. 1960 ఆగస్టు 3న హైదరాబాదు, సికిందరాబాదు సంస్థలు రెండును ఒకటయినవి.

సంఘము పోయిన తరువాతనే ఊరు వచ్చినది. 1960లలో జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘము ఏర్పడినది. చల్లగళ్ళ నరసింహారావు అను ప్రభుత్వాధికారి దానికి మూలపురుషుడు. వేయి ఎకరములకు పైబడిన గుట్టలను స్థలములుగా విడదీసి సభ్యులకు పంచుట ఆ సంఘము పని. మొదటి రోజులలో చేరుటకు ముందుకు వచ్చినవారు తక్కువ. ఆ రాళ్ళలో ఇల్లేమిటి, నక్కలతో కాపురమా అని నవ్వినవారును ఉన్నారట! గమనింపదగినది ఒకటి కలదు. బాటలు వేయుట, స్థలములు గుర్తించుట, తోటలకు చోటు విడుచుట మొదలైనవి పురపాలక సంఘము చేయవలసిన పనులు. వానిని ఇక్కడ చేసినది సభ్యుల సహకార సంఘము. పురపాలక సంఘములో ఊరివారందరికి ఓటుండును. సహకార సంఘములో సభ్యునకే ఓటు. ఇల్లు కట్టుటకు రాయి కొట్టినవారు, ఇండ్లలో పనికి వచ్చినవారు, గుట్టల వాలులలో గుడిసెలు వేసికొన్న బస్తీలవారు ఆ లెక్కలోనికి రారు. 1937 నాటి సంఘము బ్రతికియుండిన వీరందరు దాని ఓటర్లయి ఉండెడివారు.

సినిమా ఇక్కడికి వచ్చిన వైనము వేరొక తోవ. మద్రాసులో స్థిరపడిన తెలుగు సినిమాను రాష్ట్రమునకు రప్పించుటకు ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాటినుండి ప్రయత్నములు జరిగినవి. అమీరుపేటలో సారథి స్టూడియో 1950లలో లేచినది. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు చిత్రము. 1960లలో నగరమునకు కాపురము మార్చిన అక్కినేని నాగేశ్వరరావుగారు గుట్టలలో 22 ఎకరములలో అన్నపూర్ణ స్టూడియో కట్టినారు. దాని ప్రారంభము 1976 జనవరిలో జరిగినది. తరువాత కృష్ణగారి కుటుంబమువారి పద్మాలయా స్టూడియో, 1989లో దగ్గుబాటి రామానాయుడుగారి స్టూడియో వచ్చినవి. సినిమా రంగమువారి గృహనిర్మాణ సంఘముతో ఫిలింనగర్ వెలసినది.

సినిమాకు బండల నేల ఎందుకు నచ్చినదను ప్రశ్నకు జవాబు సులభము. స్టూడియోకు విశాలమైన చోటు కావలెను, నగరపు సందడి వినరాకూడదు, ధర తక్కువగా ఉండవలెను. నివాసులను తరిమిన రాయి ఈ మూడింటిని కాపాడి ఉంచినది. పైగా గుట్ట చివర నిలిచి కెమెరా పెట్టినచో ఆ రోజులలో తంతిస్తంభము కూడ అడ్డురాక, నాలుగు దిక్కుల ఆకాశము దొరికెడిది. బందిపోట్ల గుహ కావలసినను, పురాణములోని తపోవనము కావలసినను దూరము పోనక్కరలేదు. స్టూడియోలు వచ్చిన తరువాత వారితో పనిగల వేలమంది వచ్చినారు. తారలు మేడలలో ఉన్నారు. దీపములు మోయువారు, వడ్రంగులు, కుట్టుపనివారు, గుంపు దృశ్యములలో నిలుచువారు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వాడలలో ఉన్నారు. గుట్ట ఎత్తు తగ్గినకొద్ది అద్దె కూడ తగ్గుచువచ్చును.

నీటి చిక్కు కూడ ఊరిలోపలి ఏర్పాటుతో తీరలేదు. 1960లలో మంజీరా నీరు నగరమునకు వచ్చినది. 2004లో కృష్ణ, 2015లో గోదావరి నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి గొట్టములలో పంపుల బలముతో ఎక్కి వచ్చినవి. 1937లో కాగితముమీద పుట్టిన ఊరికి నీరు దొరకుటకు రెండు మహానదులను ఎత్తిపోయవలసి వచ్చినది. ఈ నడుమ కాలమంతయు గుట్టలవారికి దిక్కు బోరుబావులు, లారీ తొట్లు. గ్రానైటులో బోరు వేయుట అదృష్టపరీక్ష వంటిది. డ్రిల్లు పగులును తాకినచో నీరు. పది గజముల ప్రక్కన వేసినచో రాతిపిండి. ఇరుగుపొరుగుల బోర్లు ఒకే పగులునుండి త్రాగుచుండును గనుక, ఒకరు లోతుకు పోయినప్పుడు రెండవవారిది ఎండుట సహజము. పగులుకు పాలివాండ్ల లెక్క చెప్పగల సంఘము ఏదియు అచ్చట లేకపోయినది.

బండల గతి ఏమయినదని పాఠకులు అడుగవచ్చును. పెక్కు బండలు పునాదులయినవి, కంకరయినవి. మెహదీ నవాజ్ జంగు చూపిన దారిలో బండను ఇంటిలో ఇముడ్చుకొన్నవారు కొలదిమందే. 1990లలో శిలల సంరక్షణకు నగరములో ఒక సంఘము పుట్టినది. దాని కృషివలన కొన్ని బండలకు హైదరాబాదు వారసత్వ కట్టడముల పట్టికలో చార్మినారువంటి కట్టడముల సరసన చోటు దొరికినది. కట్టడమన్నది మనుష్యుడు కట్టినది గదా, బండనెట్లు చేర్చుదురని శంకింపనక్కరలేదు; 250 కోట్ల ఏండ్ల వయస్సు ఆ పట్టికలో మరి దేనికిని లేదు. ఆ బండలలో కొన్ని జూబ్లీహిల్స్‌లోనివే. ఒకదాని పేరు పుట్టగొడుగును గుర్తుకు తెచ్చును, ఒకటి నిలువు స్తంభమును. ఫిలింనగర్ దాపున ఉన్నదానిని రాకాసిబండ అనవచ్చును. చిరాన్ ప్యాలెస్ చుట్టునున్న అడవి 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనమయినది. నాలుగువందల ఎకరాలకు దరిదాపు ఉన్న ఆ వనములో నెమళ్ళు తిరుగుచున్నవి. 1937 నాటి గుట్టలు ఎట్లుండెడివో చూడగోరువారు పోదగిన చోటు అదియే.

2007 ఏప్రిల్ 16న నగరము చుట్టునున్న 12 పురపాలక సంఘములు విలీనమై మహానగరపాలక సంస్థ ఏర్పడినది. కూకట్‌పల్లి, మల్కాజిగిరి, ఉప్పల్, శేరిలింగంపల్లి మొదలైన ఆ సంఘములు జనము వచ్చిన తరువాత పుట్టినవి. వానికి కార్యాలయములు, పన్నులు, ఎన్నికల జ్ఞాపకములు ఉన్నవి. విలీనము నాడు మంచిదనియు, చెడ్డదనియు వాదించినవారు రెండు వైపుల ఉండిరి. జూబ్లీహిల్స్ సంఘము విలీనమయిన నాడు వాదించుటకు తగినంత మంది అక్కడ లేకపోయినారు.

2020 సెప్టెంబరులో దుర్గం చెరువుపై తీగల వంతెన తెరచినారు. రహస్యపు చెరువు ఇప్పుడు నగరమంతటికి తెలిసిన చెరువు. ఇక పేరు సంగతి మరింత తమాషా. జూబ్లీహిల్స్ పేరుతో శాసనసభ నియోజకవర్గము ఒకటి 2009 ఎన్నికలనుండి ఉన్నది. దానిలో ఉన్నవి ఎక్కువగా యూసుఫ్‌గూడ, బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ వంటి పల్లపు వాడలు. ఆ పేరుకు మూలమైన గుట్టలలో పెద్ద భాగము ఉన్న జూబ్లీహిల్స్ వార్డు ఖైరతాబాదు నియోజకవర్గములో చేరినది.